మెలి తిరిగే దారికి ఏ కొక్కెం? ఏటీవీ ట్రైలర్ హిచ్ ఎంచుకునే ముందు

నార్పల దగ్గర మా చీనీ (బత్తాయి) తోటకూ తారురోడ్డుకూ మధ్య ఒక వంక ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉంటుంది. అడుగంతా గుండ్రాళ్లు. మూడేళ్ల కిందట పాత ఏటీవీ (పొలాల్లో, గుట్టల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) ఒకటి కొన్నప్పుడు, దానితోపాటు బంతి హిచ్ ఉన్న చిన్న ట్రైలరు కూడా వచ్చింది. హిచ్ అంటే బండికి ట్రైలరును తగిలించే కొక్కెం. బంతి హిచ్‌లో బండి మీది ఇనుప బంతిని ట్రైలరు ముందున్న కప్పులాంటి కప్లరు పట్టుకుంటుంది. తొలి కోతకు 15 క్రేట్ల కాయలు వేసుకుని వంక దాటుతున్నాను. ఏటీవీ కుడి చక్రం ఒక రాయి ఎక్కింది. అదే సమయంలో వెనక ట్రైలరు ఎడమ చక్రం ఇంకో రాయి ఎక్కింది. టక్కుమని శబ్దం వచ్చింది, బండి తేలికైపోయింది. తిరిగి చూస్తే ట్రైలరు పక్కకు ఒరిగి, కాయలు గుండ్రాళ్ల మధ్య దొర్లుతున్నాయి. భద్రతా గొలుసు తగిలించలేదు. వెనక నడిచి వస్తున్న కూలీ రెండడుగులు దూరంగా ఉండబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ సాయంత్రం కప్లరును అనంతపురంలో మాకు తెలిసిన లేత్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. బంతిని పట్టి ఉంచే గడియ, అంటే లాచి, విరిగిందని నా అనుమానం. ఆయన దాన్ని దీపం కిందకు తిప్పి, "విరగలేదన్నా, తెరుచుకుంది. ఈ పెదవి చూడండి" అన్నాడు. కప్లరు అంచు మీద గోరంత వెడల్పున ఇనుము తెల్లగా మెరుస్తోంది. బంతి మెడ మీద కూడా సరిగ్గా అలాంటి గీతే ఉంది. ట్రైలరు మెలి తిరిగినప్పుడు కప్లరు అంచు బంతి మెడకు ఆనుకుని, గడ్డపారతో పెకలించినట్టు తనను తానే పైకి లేపుకుంది. సరుకు నాసిరకమేమీ కాదు. మా వంకకు అది సరిపడని సరుకు, అంతే.

ఎద్దులబండి గుర్తున్నవారికి ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. బండి నొగను కాడికి తాడుతో కట్టేవారు. గట్టు ఎక్కినా గుంటలో దిగినా ఆ కట్టు దగ్గర కాస్త మెలి తిరిగేది, బండి మెలి ఎద్దుల మెడ మీద పడేది కాదు. ఇనుప బండ్లకు వచ్చేసరికి ఆ వెసులుబాటును మనమే ఎంచి కొనుక్కోవాలి. ఏటీవీలతో తోటల్లో, గుట్టల్లో, నాపరాయి గనుల దగ్గర సామాను లాగేవారు మన అనంతపురం, కడప, కర్నూలు వైపు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వారికోసమే ఈ పోలిక. జీపుకో, మినీ ట్రాక్టరుకో ట్రైలరు కట్టేవారికి కూడా లెక్క ఇదే, బరువులు మాత్రం మారతాయి.

ముందు మీ దారిని కొలవండి

హిచ్ దగ్గర మూడు కదలికలు ఉంటాయి. మలుపులో అటూ ఇటూ తిరగడం ఒకటి. ఎత్తుపల్లాల్లో పైకీ కిందికీ వంగడం రెండోది. బండి ఒక వైపుకూ ట్రైలరు మరో వైపుకూ ఒరిగినప్పుడు వచ్చే మెలి మూడోది. అంగడిలో అమ్మేవారు మొదటిదాని గురించి చెబుతారు, రెండోదాని గురించి అడిగితే చెబుతారు. మన నేల మీద ప్రమాదం తెచ్చేది మాత్రం మూడోది.

లెక్క చూడండి. ఏటీవీ ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం సుమారు ఒక మీటరు ఉంటుంది. ఒక వైపు చక్రాలు జానెడు ఎత్తు, అంటే దాదాపు 23 సెంటీమీటర్ల రాయి ఎక్కితే బండి 13 డిగ్రీలు ఒరుగుతుంది. అదే సమయంలో ట్రైలరు రెండో వైపు చక్రం అంతే ఎత్తు ఎక్కితే అది ఇటు 13 డిగ్రీలు ఒరుగుతుంది. హిచ్ మీద పడే మెలి మొత్తం 26 డిగ్రీలు. ఇప్పుడు దీన్ని బంతి హిచ్‌తో పోల్చండి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 55 ప్రకారం 50 మిల్లీమీటర్ల బంతి కప్లింగు అటూ ఇటూ 60 డిగ్రీలు, పైకీ కిందికీ 20 డిగ్రీలు, మెలి 25 డిగ్రీలు కదలగలగాలి. అంతకుమించి కదలాలని ఆ నిబంధన అడగదు. అంటే రెండు జానెడు రాళ్లు ఎదురుబొదురుగా పడితే చాలు, బంతి తన హద్దు దాటుతుంది. అడుగెత్తు గట్లయితే మెలి 34 డిగ్రీల దాకా వెళుతుంది.

వంక గట్టు లెక్క కూడా ఇలాంటిదే. 15 డిగ్రీల వాలు దిగి, వెంటనే 15 డిగ్రీల వాలు ఎక్కే ఇరుకు వంకలో ట్రైలరు ఇంకా దిగుతుండగానే ఏటీవీ ఎక్కడం మొదలుపెడుతుంది. రెండిటి మధ్య తేడా 30 డిగ్రీలకు చేరుతుంది. వంక అడుగు వెడల్పుగా ఉండి, బండీ ట్రైలరూ రెండూ చదునులో నిలిచేంత చోటుంటే ఈ బాధ తగ్గుతుంది.

కాబట్టి కొనడానికి వెళ్లే ముందు ఒక పూట మీ దారంతా నడవండి. చేతిలో కర్ర, టేపు ఉంటే చాలు. దారిలో అతి ఎత్తైన గట్టు ఎంత, గుండ్రాళ్లు ఎంత, మలుపులో ఎంత చోటుంది అని రాసుకోండి. చీనీ తోటలో సాళ్ల మధ్య 20 అడుగులు ఉన్నా, సాలు చివర కంచె దగ్గర తిరిగే చోట ట్రైలరు దాదాపు అడ్డంగా మడవాల్సి వస్తుంది. ఆ ఒక్క మలుపే కొన్ని హిచ్‌లను పక్కన పెట్టిస్తుంది.

రెండో కొలమానం బరువు. 20 కిలోల క్రేట్లు 15 వేస్తే 300 కిలోలు, ట్రైలరు సొంత బరువు 100 అనుకుంటే 400 కిలోలు. అందులో సుమారు పదో వంతు, అంటే 40 కిలోలు హిచ్ మీద పడాలి. అది మరీ తక్కువైతే ట్రైలరు వెనక్కి తూగి ఊగుతుంది. ఎక్కువైతే ఏటీవీ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. ఏటీవీ మాన్యువల్‌లో లాగే బరువు వేరుగా, హిచ్ మీద మోపే బరువు వేరుగా ఇస్తారు. కొన్ని బండ్లకు ఆ రెండో అంకె పదో వంతు కన్నా బాగా తక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు సరుకు తగ్గించాలి తప్ప అంకెను మరిచిపోకూడదు. తూచడం కష్టమేమీ కాదు. ట్రైలరును సరుకుతో చదునులో నిలిపి, హిచ్ ఎత్తుకు సరిపడా మొద్దును కాటా మీద పెట్టి, దాని మీద కొక్కెం ఆనిస్తే ఎంత పడుతోందో తెలిసిపోతుంది. మొద్దు బరువు తీసేయడం మరవకండి.

మందు కొట్టే ట్యాంకు లాగేవారికి ఒక మాట. 500 లీటర్ల ట్యాంకు అంటే నీళ్ల బరువే 500 కిలోలు. చాలా ఏటీవీలకు అది ఎక్కువ. సగం నింపితే తేలికవుతుంది కానీ నీళ్లు అటూ ఇటూ కొట్టుకుని హిచ్‌ను కుదిపేస్తాయి. లోపల అడ్డు పలకలున్న చిన్న ట్యాంకును పూర్తిగా నింపడం మేలు.

మూడో కొలమానం సందు. పిన్నుకూ రంధ్రానికీ మధ్య ఎంత వదులుంటే బండి కదిలినప్పుడల్లా అంత కుదుపు. నాలుగోది దుమ్ము. అనంతపురం ఎర్రదుమ్మయినా, జమ్మలమడుగు వైపు నాపరాయి పొడయినా గ్రీజులో కలిస్తే ఆకురాయిలా ఇనుమును అరగదీస్తుంది. ఐదోది మరమ్మతు. కోతల మధ్యలో కొక్కెం పాడైతే సాయంత్రానికల్లా బాగయ్యేదా, లేక విదేశం నుంచి భాగం వచ్చేదాకా ఆగాల్సిందా అన్నది నా దృష్టిలో ధర కన్నా పెద్ద ప్రశ్న.

ఒక్క చూపులో

| హిచ్ రకం | మలుపు | ఎత్తుపల్లం | మెలి | కుదుపు | ఇక్కడ మరమ్మతు | ధర |
|---|---|---|---|---|---|---|
| బంతి | బాగుంటుంది | పరిమితం | పరిమితం | తక్కువ | బంతి దొరుకుతుంది, కప్లరు మార్చాలి | తక్కువ |
| సాదా పిన్ను | బాగుంటుంది | సందున్నంతే | సందున్నంతే | ఎక్కువ | ఏ వెల్డింగ్ షాపులోనైనా | చాలా తక్కువ |
| పింటిల్ హుక్, రింగు | బాగుంటుంది | ఎక్కువ | ఎక్కువ | చాలా ఎక్కువ | జరుగుతుంది | మధ్యస్థం |
| స్థానికంగా చేయించే మూడు కీళ్ల హిచ్ | బాగుంటుంది | ఎక్కువ | పూర్తి | పనితనాన్ని బట్టి | చేసినవారే చేస్తారు | మధ్యస్థం |
| దిగుమతి ఆఫ్‌రోడ్ కప్లింగు | బాగుంటుంది | ఎక్కువ | పూర్తి | చాలా తక్కువ | భాగాలు తెప్పించాలి | చాలా ఎక్కువ |

బంతి హిచ్

చదును దారికి ఇది మంచి వస్తువు. తగిలించడం తేలిక, శబ్దం ఉండదు, బంతి కప్పులో ఒదిగి కూర్చుంటుంది కాబట్టి కుదుపు తక్కువ. కర్నూలు శివారులోని గోదాముల మధ్య, పాలిటెక్నిక్ మైదానంలాంటి చోట, రిసార్టు లోపలి సిమెంటు దారిలో సామాను మోయడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇందులో జాగ్రత్త పడాల్సింది కొలత దగ్గర. మన దగ్గర మూడు కొలతల బంతులు కలగాపులగంగా దొరుకుతాయి: 50 మిల్లీమీటర్లది, 2 అంగుళాలది అంటే 50.8 మిల్లీమీటర్లది, ఒకటీ ఏడు బై ఎనిమిది అంగుళాలది అంటే 47.6 మిల్లీమీటర్లది. చివరిదాన్ని 50 కప్లరులో పెట్టినా పైకి బాగానే కూర్చున్నట్టు కనిపిస్తుంది, లాచి కూడా పడుతుంది. ఒక గట్టు రాగానే ఊడిపోతుంది. బంతి నెత్తిన కొలత చెక్కి ఉంటుంది, కప్లరు మీదా ఉంటుంది. రెండూ చదివి సరిపోలితేనే తీసుకోండి. చెక్కడం చెరిగిపోయిన పాత సరుకైతే వెర్నియర్ పెట్టి కొలిపించండి.

సాదా పిన్ను

ట్రాక్టరు ట్రాలీలకు మనం రోజూ చూసేది ఇదే. రెండు పలకల మధ్య ట్రైలరు నాలుక దూర్చి, పైనుంచి పిన్ను దించుతారు. పాతికేళ్ల అనుభవమున్న రైతు ఎవరైనా దీనికే ఓటేస్తాడు, ఆ నమ్మకానికి కారణముంది. ఇందులో విరిగేది ఏమీ ఉండదు, పిన్ను పోతే ఇంకోటి వేసుకోవచ్చు.

కానీ దీనికి ఉన్న కీలు ఒక్కటే, అది మలుపుకు. మిగతా రెండు కదలికలూ రంధ్రంలో ఉన్న సందు నుంచే రావాలి. ఆ సందు అయిపోయాక మెలి ఎక్కడికీ పోదు, ట్రైలరు ముందుకు చాచిన దూలంలోకే, అంటే డ్రాబారులోకే పోతుంది. ట్రాక్టరు బరువైనది కాబట్టి అది తట్టుకుంటుంది, ట్రాలీ చట్రం మెలి తిరిగి సర్దుకుంటుంది. 300, 400 కిలోల ఏటీవీ అలా తట్టుకోలేదు. ట్రైలరు ఒరిగితే బండిని కూడా తనతోపాటు ఒరగదీస్తుంది. ఏటీవీకి సాదా పిన్నుతో బరువైన ట్రైలరు కట్టి గుట్టల్లోకి వెళ్లడాన్ని నేను గట్టిగా వద్దంటాను.

ఇప్పటికే అలాంటి ట్రైలరు వాడుతుంటే, డ్రాబారు చట్రానికి అతికిన చోట రంగును పరిశీలించండి. అతుకు అంచు వెంబడి వెంట్రుకంత సన్నని ఎర్రటి గీత కనిపిస్తే అది దుమ్ము కాదు. లోపల పగులు మొదలై, అందులోంచి తుప్పు బయటికి వస్తోందని అర్థం. దాని మీద మళ్లీ వెల్డింగ్ చేయిస్తే కొన్నాళ్లకు పక్కనే పగులుతుంది. పాత అతుకును పూర్తిగా తొలిచి తీయించి, తర్వాత మెలి తిరిగే కీలు పెట్టించడమే దారి.

పింటిల్ హుక్

సైనిక వాహనాల వెనక కనిపించే పెద్ద కొక్కెం ఇది. ట్రైలరుకు ఉన్న లావుపాటి ఇనుప రింగును కింది దవడలో వేసి, పై దవడ మూసి పిన్ను గుచ్చుతారు. రింగు హుక్కులో వదులుగా ఉంటుంది కాబట్టి మూడు వైపులా బాగా కదులుతుంది. నాపరాయి గనుల దగ్గర జీపులతో జనరేటర్లు, కంప్రెసర్లు లాగేవారికి దీని మొరటుదనమే బలం. రాతిపొడి, బురద, ఏదైనా దులిపి వాడుకోవచ్చు.

ఆ వదులే దీని లోపం కూడా. బ్రేకు వేసిన ప్రతిసారీ రింగు ముందుకొచ్చి కొడుతుంది, కదిలిన ప్రతిసారీ వెనక్కి కొడుతుంది. జీపుకు అది శబ్దం మాత్రమే, ఏటీవీకి అది నడుము మీద గుద్దు. హుక్కు సొంత బరువు కూడా హిచ్ మోపగల కొద్ది బరువులోంచే పోతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో వానాకాలం తిరిగేవారు ఇంకో సంగతి గమనించాలి. జిగట మట్టి దవడ మధ్యన చేరి గట్టిపడితే లాచి పూర్తిగా మూసుకోకముందే మూసుకున్నట్టు కనిపిస్తుంది. పిన్ను దూరిందో లేదో ప్రతిసారీ వేలితో తడిమి చూడాలి. ఏటీవీకి నేను దీన్ని సిఫారసు చేయను. జీపుకూ పెద్ద ట్రైలరుకూ అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

దిగుమతి ఆఫ్‌రోడ్ కప్లింగులు

ఆస్ట్రేలియాలో ఎడారి దారుల కోసం పుట్టిన మెక్‌హిచ్, ట్రెగ్, క్రూజ్‌మాస్టర్ డీఓ35, అమెరికాలో లాక్ ఎన్ రోల్ లాంటివి ఈ తరగతిలోకి వస్తాయి. ట్రెగ్‌లో గట్టి పాలీయురేథేన్ దిమ్మె ఉంటుంది, అందువల్ల ఇనుమూ ఇనుమూ కొట్టుకునే చప్పుడు ఉండదు. మిగతావి కీళ్లతోనూ తిరుగుడు ఇరుసుతోనూ పనిచేస్తాయి. పనితనం విషయంలో వీటికి సాటి లేదు. ట్రైలరు పూర్తిగా బోర్లా పడినా బండి నిలబడేలా వీటిలో మెలికి అడ్డు లేకుండా చేశారు.

అయితే డీఓ35 రేటింగు 3,500 కిలోలు. కార్లు లాగే ఇళ్లలాంటి ట్రైలర్ల కోసం చేసిన వస్తువు అది. అర టన్నుకు అటూ ఇటూగా లాగే ఏటీవీకి దాన్ని పెట్టడం మేకపిల్లకు ఎద్దు కాడి వేసినట్టే. ఏటీవీల కోసం చేసే చిన్న రకాలు కూడా ఉన్నాయి, దొరికితే అవే చూడాలి. ధర, సుంకం, రవాణా కలిపి ట్రైలరు ఖరీదును దాటే అవకాశం ఉంది. బుష్షు (కీలులో పిన్ను చుట్టూ ఉండే గొట్టం) అరిగినా దిమ్మె పగిలినా మళ్లీ అక్కడి నుంచే రావాలి. గండికోట చుట్టుపక్కల గుడారాల విడిది నడిపేవారు, అతిథుల సామాను రోజూ రాళ్ల దారిలో మోసేవారు, దానిమీదే ఆదాయం ఉన్నవారు కొంటే సార్థకం. అలాంటివారు కొనేటప్పుడే ఒక జత బుష్షులు అదనంగా తెప్పించుకోవాలి. తోట రైతుకు ఇంత అవసరం లేదు.

స్థానికంగా చేయించే మూడు కీళ్ల హిచ్

నేను మూడేళ్లుగా వాడుతున్నది ఇదే. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను, దీన్ని పాడుచేసుకునే మార్గాలు కూడా ఎక్కువ ఉన్నాయి కాబట్టి.

సూత్రం తేలిక. ఏటీవీ వైపు నిలువు పిన్ను, అది మలుపుకు. దాని వెనక అడ్డ పిన్ను, అది ఎత్తుపల్లానికి. ఆ వెనక ట్రైలరు డ్రాబారులో, గొట్టం లోపల తిరిగే గుండ్రటి షాఫ్టు, అది మెలికి. మూడు కదలికలకూ మూడు వేర్వేరు కీళ్లు. దేని పని అది చేస్తుంది కాబట్టి ఏ కీలుకూ సందు ఎక్కువ పెట్టాల్సిన పని లేదు, కుదుపు తగ్గుతుంది.

చేయించేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత జీపు ప్రొపెల్లర్ షాఫ్టు నుంచి యూజే క్రాసు (యూనివర్సల్ జాయింటులోని ప్లస్ ఆకారపు కీలు) తీసి, రెండు వైపులా అతికించి, "అన్ని వైపులా తిరుగుతుంది" అని ఇచ్చేస్తారు. చేత్తో ఆడిస్తే అన్ని వైపులా తిరుగుతున్నట్టే ఉంటుంది. కాస్త ఆలోచించండి. జీపులో యూజే క్రాసు పనే ఇంజను తిప్పే మెలిని చక్రాల దాకా చేరవేయడం. మెలిని చేరవేయడానికి పుట్టిన వస్తువు ట్రైలరు మెలిని కూడా నమ్మకంగా ఏటీవీకి చేరవేస్తుంది. పైగా అది ఎక్కువ కోణంలో మడవదు, సాలు చివర మలుపులో క్రాసును పట్టుకునే యోకులు ఒకదానికొకటి తగిలి బిగుసుకుంటాయి. దాని వెనక తిరిగే షాఫ్టు ఉంటే మెలి సమస్య తీరుతుంది, మలుపు సమస్య మిగిలే ఉంటుంది. ఇరుకు మలుపులు లేని తిన్నని గుట్ట దారికైతే పనికొస్తుంది.

లోహం విషయంలో మా మేస్త్రి పాటించిన పద్ధతి నాకు నచ్చింది. వెల్డింగ్ పడే షాఫ్టునూ పలకలనూ ఎం.ఎస్.తో, అంటే మెత్తని ఉక్కుతో, కాస్త లావుగా చేశాడు. వెల్డింగ్ పడని పిన్నులను మాత్రం ఈఎన్ 8 ఉక్కుతో చేశాడు. ఈఎన్ 8 గట్టిది, అరుగుదల తక్కువ. కానీ దాన్ని చల్లగా ఉన్నప్పుడే సాదా రాడ్డుతో అతికితే అతుకు పక్కన పెళుసుబారి పగులుతుంది. షాఫ్టు కూడా ఈఎన్ 8దే కావాలని పట్టుబట్టేవారు, అతికే ముందు వేడి చేయించాలి, పొడిగా దాచిన 7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడమని అడగాలి. ఆ రెండూ చేయలేని షాపులో ఈఎన్ 8ని అతికించుకోకండి.

మా షాఫ్టు 40 మిల్లీమీటర్ల లావు. గొట్టం లోపల దానికి ఆనిక 150 మిల్లీమీటర్లకు పైగా ఉంది. ఆనిక పొట్టిగా ఉంటే షాఫ్టు చివర కిందికీ పైకీ కొట్టుకుని గొట్టం నోరు గంటలా విచ్చుకుంటుంది. గొట్టం వెనక షాఫ్టు చివర మర పెట్టి, కాజిల్ నట్టు (నెత్తిన గాడులున్న నట్టు) బిగించి, అది తిరగకుండా స్ప్లిట్ పిన్ను వేయాలి. ఇక్కడ సాదా నట్టు పెట్టి వదిలేస్తే, ట్రైలరు మెలి తిరిగిన ప్రతిసారీ నట్టు కొంచెం కొంచెం విప్పుకుంటూ ఒకరోజు ఊడిపోతుంది. మొత్తం ట్రైలరును పట్టి ఉంచేది ఆ ఒక్క నట్టే. గొట్టం మధ్యలో గ్రీజు నిపుల్, రెండు చివర్లా దుమ్ము చొరబడకుండా రబ్బరు వాషరు. బోల్టులు ఎక్కడ పడినా తల మీద 8.8 అని ఉన్నవే వేయించండి. అంకె లేని బోల్టు మీద నమ్మకం పెట్టకండి.

దీని లోపాలు కూడా చెప్పాలి. పరీక్షించి ఇచ్చిన రేటింగు దీనికి ఉండదు. చేసినవారి చేతిని బట్టి ఉంటుంది. కాబట్టి దీన్ని పొలంలో, సొంత దారిలో, మాన్యువల్ చెప్పిన బరువు లోపలే వాడాలి. ఏటీవీల్లో చాలావాటికి ఎటూ రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. మార్కెట్ యార్డు దాకా ట్రైలరు తోలుకుపోవాలంటే ఏటీవీనీ దీనినీ నమ్ముకోకుండా తోట గట్టు దగ్గరే ఆటోలోకి మార్చండి.

ఎవరికి ఏది

చదునైన ఎర్ర నేలలో, గట్లు లేని దానిమ్మ, అరటి తోటల్లో తిరిగేవారికి సరైన కొలత బంతి హిచ్ చాలు. ఆదా అయిన డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి. బంతికి గ్రీజు పూసేవారు వారానికోసారి పాత గ్రీజు పూర్తిగా తుడిచి కొత్తది పూయాలి. అంత ఓపిక లేనివారు అసలు పూయకుండా పొడిగా ఉంచడమే నయం, దుమ్ము కలిసిన గ్రీజు పూయనిదాని కన్నా ఎక్కువ అరగదీస్తుంది.

వంకలు, గట్లు, గుండ్రాళ్లు దాటేవారు, అంటే మన అనంతపురం, కడప జిల్లాల్లో గుట్టల పక్కన తోటలున్నవారిలో ఎక్కువమంది, మూడు కీళ్ల హిచ్ చేయించుకోవాలని నా సలహా. నమ్మకమైన లేత్ షాపు అందుబాటులో లేకపోతే, ఏటీవీ కోసం చేసిన చిన్న దిగుమతి కప్లింగు కోసం డబ్బు కూడబెట్టండి. అప్పటిదాకా బంతినే వాడుతూ సరుకు సగానికి తగ్గించి, వంక దగ్గర బండిని ఏటవాలుగా పోనివ్వకుండా తిన్నగా దింపి తిన్నగా ఎక్కించండి. ఏటవాలుగా దాటినప్పుడే మెలి ఎక్కువవుతుంది.

నల్లరేగడిలో వానాకాలం పని ఉన్నవారు హిచ్ కన్నా ముందు ట్రైలరు చక్రాల వెడల్పు చూసుకోవాలి. దిగబడిన ట్రైలరును ఏ కొక్కెమూ బయటికి తీయలేదు. గట్టిగా కుదిపి లాగితే పిన్ను కోసుకుపోతుంది. సరుకు దించి లాగడమే దారి.

నిటారు గుట్టలు దిగేవారికి ఇంకో హెచ్చరిక. బ్రేకులు లేని ట్రైలరు దిగుడులో బండిని వెనక నుంచి నెడుతుంది, మలుపులో అయితే రెండూ కలిసి మడత పడతాయి. మెలి ఎంత స్వేచ్ఛగా ఉన్నా దీన్ని ఏ హిచ్ ఆపదు. చిన్న గేరులో, తిన్నగా, బండి బరువుకు మించని ట్రైలరుతో దిగాలి.

ఏ రకమైనా సరే, ట్రైలరును ఏటీవీ వెనక క్యారియరుకు మాత్రం కట్టకండి. హిచ్ కన్నా ఎత్తైన చోటు నుంచి లాగితే ఎక్కుడులో బండి ముందు భాగం లేచి మనిషి మీదకు వెనక్కి పడుతుంది. కొక్కెం విరిగిన రోజు తాడుతో క్యారియరుకు కట్టి ఇంటికి చేర్చుదామనే ఆలోచన వస్తుంది. ఆ పూటకు ట్రైలరును అక్కడే వదిలి రండి.

మొదటి బరువు వేసే ముందు

హిచ్ బిగించాక ఖాళీ ట్రైలరుతో చదునులో నిలపండి. భద్రతా గొలుసులు రెండూ హిచ్ కింద ఒకదాని మీదుగా ఒకటి వెళ్లేలా తగిలించండి. కొక్కెం ఊడినా డ్రాబారు నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయల మీద ఆగుతుంది. బండిని రెండు వైపులా పూర్తిగా తిప్పి, గొలుసు బిగుసుకోవడం లేదని చూడండి. తర్వాత జాకీతో ట్రైలరు ఒక చక్రాన్ని మూరెడు ఎత్తు లేపండి. ఇంకొకరు ఏటీవీ వెనక చక్రాలను గమనించాలి. ట్రైలరు లేచే కొద్దీ ఏటీవీ టైరు ఉబ్బు తగ్గినా, సీటు ఒక పక్కకు ఒరిగినా, మెలి హిచ్‌లో ఆగకుండా బండిలోకి వస్తోందని తెలుసుకోండి. మూరెడు ఎత్తు లేచేదాకా ఏటీవీ కదలకుండా ఉంటే జాకీ దించి, రెండో చక్రానికి మళ్లీ అదే చేయండి. మా ట్రైలరుకు మొదటిసారి ఎడమ వైపు బాగానే తిరిగింది, కుడి వైపు జానెడు లేచేసరికి ఆగిపోయింది. గొట్టం మీద గ్రీజు నిపుల్ పక్కనున్న పలకకు తగులుతోంది. దాన్ని పైవైపుకు మార్పించి, ఆ తర్వాతే క్రేట్లు వేశాం.